రంగు చివర్న చూద్దువుగాని

తల్లాడలో కూర్చుని గోదారి పడవ గురించి చెప్పడమేమిటి ఈ ముసలాయన అనుకుంటావేమో. మా ఊరికి నది లేదు, నిజమే. కానీ మా కూడలిలో నిలబడి చూడు. ఒక దారి ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం పోతుంది. ఇంకో దారి కల్లూరు, సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా రాజమండ్రి వైపు పోతుంది. ఎటు పోయినా చివరికి గోదారి ఒడ్డునే తేలతాం. అందుకని ఈ దారిన పోయే కుర్రాళ్లకి ఒక మాట చెప్పే చనువు నాకుందనుకుంటాను. విను, తర్వాత నీ ఇష్టం.

మూలపడ్డ చెక్క లాంచీనో, పాత నాటు పడవనో కొని, బాగుచేసి, మళ్లీ గోదాట్లోకి దింపుతానంటున్నావు. మంచి బుద్ధే. ఇనుప బోట్లు, ఫైబర్ బోట్లు వచ్చినాక చెక్క పడవ మొహం చూసేవాళ్లు తగ్గిపోయారు. నువ్వు చూశావు, జాలిపడ్డావు, డబ్బు పెట్టావు. సంతోషం. కానీ కొన్న వారానికే ఏ రంగు వేద్దామని అడుగుతున్నావు చూడు, నీ తొందరంతా అక్కడే బయటపడింది. పలకలు ఆరలేదు, మేకులు చూడలేదు, సందులు చూడలేదు, అప్పుడే రంగు కావాలి నీకు. రంగు చివర్న చూద్దువుగాని. చివర్న అన్నానని అదేదో తేలిక పని అనుకోకు. మిగతావన్నీ తెలిసినాకనే తేల్చగలిగిన మాట కాబట్టి చివర్న అంటున్నా.

ముందు చెక్క సంగతి. పాత పడవ మీద ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పూసిన పొరలుంటాయి. వాటి కింద చెక్క ఎట్లా ఉందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. సన్నని మేకు ఒకటి తీసుకుని నీరు తగిలే గీత దగ్గర, పలకల చివర్ల దగ్గర, ఇనుప మేకుల తలల చుట్టూ గుచ్చి చూడు. గట్టిగా ఎదురు తిరిగితే ఆ చెక్క బతికుంది. మెత్తగా దిగిందా, ఆ పలక పోయినట్టే. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా తడి గోడకి సున్నం వేసినట్టే, నాలుగు నాళ్లకే పొక్కులు లేచి ఊడిపోతుంది. టేకైతే టేకు, నల్లమద్దయితే నల్లమద్ది, ఆ జాతి చెక్కే తెచ్చి వేయించు. మన ఏజెన్సీ టేకూ వెదురూ ఒకప్పుడు తెప్పలుగా కట్టుకుని గోదారి మీదనే రాజమండ్రి దాకా పోయేవి. ఇప్పుడు అట్లా కాదు. అటవీ శాఖ డిపోలోనో, లైసెన్సున్న అడితిలోనో రశీదుతో కొను. రశీదు లేని కలపతో బాగుచేసిన పడవకి ఎన్ని పూతలు వేసినా లోపలి దొంగతనం దాగదు.

సందులు చూసుకో. పాత నార లాగేసి కొత్తది కుక్కించి, పైన గుగ్గిలం నూనెతో మరిగించి పూయించు. ఇది చేతిపని. చేసేవాళ్లు తక్కువైపోయారు. తాళ్ళరేవు, కోరంగి వైపు చెక్క పడవల పని తెలిసిన చేతులు తరతరాలుగా ఉన్నాయి. ఆ కోరంగిలో ఓడలే కట్టేవాళ్లు, అక్కడ 1800 ప్రాంతంలోనే ఓడలు బాగుచేసే డాకు ఉండేది. ఆ పనివాళ్లలో ఒకర్ని పిలిపించుకుంటే, రంగుకి పెట్టే డబ్బులో సగం అక్కడే పోయినా సరే, పిలిపించుకో. పడవని నీళ్ల మీద తేల్చేది సందులో నార. రంగు కాదు.

సరే, ఇక నువ్వడిగిన దానికే వద్దాం.

ముందు ఆ పడవకి మొదట ఏ రంగుండేదో కనుక్కో. బాగుచేయడం అంటే కొత్తగా పుట్టించడం కాదు కదా. ఎండా వానా తగలని చోటు చూడు, కూర్చునే బల్ల కిందో, అంచుపట్టీ వెనకో. అక్కడ రూపాయి బిళ్లంత మేర గరుకు కాగితాన్ని నీళ్లలో తడిపి మెల్లగా గుండ్రంగా రుద్దు. ఒక్కో పొరా ఒక్కో వలయంగా బయటపడుతుంది. అన్నిటికంటే లోపలిది, చెక్కని అంటుకుని ఉన్నది, మొదటి పూత. అది ప్రైమరు కావచ్చు, తొందరపడి అదే అసలు రంగనుకోకు. దాని పైదే ఎక్కువసార్లు అసలుది. దాన్ని కూడా పగటి వెలుతురులో చూడు. చీకట్లో మూసిపెట్టిన నూనె రంగు పసుపు తిరుగుతుంది. తెల్లది మీగడ రంగులో కనిపిస్తుంది, నీలం ఆకుపచ్చకి తిరిగినట్టుంటుంది. గీకిన చోటుని నాలుగు రోజులు వెలుతురులో ఉంచితే ఆ పసుపు కొంత విరిగిపోతుంది. అప్పుడు చూసి రాసుకో.

పాత ఫోటో దొరికిందని సంబరపడతావు. దొరకనీ, మంచిదే. కానీ పాత నలుపు తెలుపు ఫోటోని రంగు విషయంలో నమ్మొద్దు. ఒకనాటి ఫిలిముల్లో చాలావాటికి ఎరుపు కనిపించేదే కాదు, ఎర్రటిది నల్లగా పడేది, నీలం తెల్లబారి పడేది. ఫోటోలో నల్లగా ఉన్న పడవ నిజానికి ఎర్రటిదై ఉండొచ్చు. 1964లో వచ్చిన మూగ మనసులు సినిమా చూసినవాళ్లని అడుగు, అందులో గోపీ నడిపే పడవ ఏ రంగని. తలా ఒక రంగు చెబుతారు. సినిమా నలుపు తెలుపుది. రంగు వాళ్ల మనసులో వేసుకున్నది.

ఫోటో కంటే మనుషుల్ని అడగడం మేలు. భద్రాచలం దగ్గర గోదారి మీద వంతెన 1965లో వచ్చింది. అంతకు ముందు సారపాక వైపు నుంచి రాములవారి కల్యాణానికి పోవాలంటే పడవ ఎక్కాల్సిందే. ఆ పడవలు ఎక్కినవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చో. ఫోను పక్కన పెట్టి కూర్చో. ఏ రంగు అని సూటిగా అడిగితే గుర్తులేదంటారు. ఎక్కడ ఎక్కారు, ఎవరు గెడ వేశారు, చీరకి తారు అంటిందా అని అడుగు. అప్పుడు వస్తుంది మాట. చీరకి తారు అంటిన ముసలమ్మ ఆ పడవని మర్చిపోదు.

ఇంత చేసినాక కూడా ఆ పాత రంగే ఒళ్లంతా వేయాలని నేననను. పాత రంగు ఏమిటో తెలుసుకోవడం ఒక బాధ్యత, దాన్ని ఎక్కడ ఎంత వేయాలన్నది వేరే లెక్క. ఆ లెక్క మొత్తం ఒక్క మాట మీద నిలబడి ఉంది: పడవ రంగు ఒడ్డున నిలబడి మురిసిపోయేవాడి కోసం కాదు, నీళ్ల మీద నిన్ను వెతికేవాడి కోసం. మళ్లీ చెబుతా ఈ మాట, విసుక్కోకు.

నీకు ముదురు నీలం మీద మనసుందని తెలుసు. మీ వయసు వాళ్లందరికీ అదే. ఫోనులో చూసిన విదేశీ పడవలన్నీ నిగనిగలాడే నీలమో నలుపో. బాగుంటాయి, కాదనను. కానీ ఆ పడవలున్న చోట ఎండ ఎంత, మన ఎండ ఎంత? మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం వైపు 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. ముదురు రంగు ఆ ఎండనంతా మింగేస్తుంది, లేత రంగు చాలావరకు తిప్పికొడుతుంది. ఒడ్డున ఉన్న నల్లటి పడవ మీద మధ్యాహ్నం చెయ్యి ఆనించి చూడు, చురుక్కుమంటుంది. ఆ వేడికి పలకల్లో తేమ ఆరిపోతుంది, పలక కుంచించుకుపోతుంది, సందు నోరు తెరుస్తుంది. సందులో గుగ్గిలం మెత్తబడి బయటికి కారుతుంది. మళ్లీ నీళ్లలో దింపితే పలక నీరు తాగి ఉబ్బి సందు మూసుకోవాలి. అది మూసుకునే లోపల పడవలో నీళ్లు తోడేది ఎవరు? నువ్వా, మీ నాన్నా?

ఇంకో సంగతి. ముదురు రంగుకి, అందులోనూ మెరుపున్న ముదురు రంగుకి, దాపరికం చేతకాదు. పాత చెక్కలో ఉన్న ఎత్తుపల్లాలు, లప్పం పెట్టిన మచ్చలు, రందా పట్టిన గీతలు, అన్నీ కొట్టొచ్చినట్టు చూపిస్తుంది. కొత్త ఫైబర్ బోటుకి అది అందం. అరవై ఏళ్ల పడవకి అది పరువు తీయడం. కొంచెం మెరుపు తగ్గించిన లేత రంగు వేస్తే ఆ పాతదనం పాతదనంగానే మర్యాదగా కనిపిస్తుంది.

వెనిస్ పట్నంలో గోండోలాలన్నీ నల్లగా ఉంటాయి కదా, మనకెందుకు కాదంటావేమో. ఆ నలుపు వెనక కథ ఉంది. 16వ శతాబ్దంలో అక్కడి శ్రీమంతులు పడవకి ఎవరు ఎక్కువ హంగు చేస్తారా అని పోటీలు పడి ఇళ్లు గుల్ల చేసుకుంటుంటే ఆ ఊరి పాలకులు చట్టం చేసి ఆ ఆర్భాటానికి కళ్లెం వేశారు. అట్లా వచ్చిన నలుపు అది. ఎవరి గొప్పా ఎవరికీ కనిపించకూడదని వేసిన రంగు. నువ్వేమో గొప్పగా కనిపించాలని ముదురు రంగు అడుగుతున్నావు. పైగా వాళ్లది ఊళ్లో కాలువ. మనది పాపికొండల మధ్య సుడులు తిరిగే గోదారి.

ఇక నీళ్ల రంగు. గోదారికి ఒక్క రంగు లేదు, అది తెలుసుకోకుండా పడవకి రంగు ఎంచకూడదు. వానాకాలంలో వరదొస్తే ఎర్రమట్టి కలిసిన చిక్కటి నీళ్లు. ఆ నీళ్ల మీద గోధుమ రంగు పడవ, ఇటుక రంగు పడవ, వార్నీషు మాత్రమే కొట్టిన చెక్క పడవ, మూడూ మాయమే. మానులు, చెత్త కొట్టుకొచ్చే ఆ ప్రవాహంలో అది పడవో మానో దూరం నుంచి తెలియదు. కార్తీకం నాటికి నీళ్లు తేరుకుంటాయి, కొండల నీడ పడి పచ్చగా కనిపిస్తాయి. అప్పుడు ఆకుపచ్చ పడవ మాయం. మా దగ్గర వైరా చెరువు మీద కూడా అంతే, తూటికాడ మధ్య ఆకుపచ్చ తెప్పని వెతుక్కోవాలి. పుష్యమాసం పొద్దున్న పోచవరం రేవులో పొగమంచు దిగితే బూడిద రంగు మాయం, పాలతెలుపు కూడా సగం మాయం.

మరి ఎరుపు? ఎరుపు బాగా కనిపిస్తుందని అందరూ అంటారు. పగలు కనిపిస్తుంది. కానీ సందె వేళ మన కళ్లకి అన్నిటికంటే ముందు నల్లబడేది ఎరుపే. వెలుతురు తగ్గేకొద్దీ కన్ను పనిచేసే తీరు మారిపోతుంది, ఎరుపు నల్లగానూ నీలం కాస్త తేలికగానూ కనిపిస్తాయి. నమ్మకపోతే పెరట్లో ఎర్ర మందారాన్ని దీపాలు పెట్టే వేళకి చూడు. పువ్వు నల్లగా, ఆకు ఇంకా తెలుస్తూ ఉంటుంది. దానికి తోడు కొందరు మగవాళ్లకి పుట్టుకతోనే ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. పచ్చని కొండ ముందు ఎర్ర పడవ వాళ్లకి కనిపించనట్టే లెక్క. అసలు ఎర్ర రంగుల్లో చాలావాటిని మన ఎండ రెండేళ్లకే గులాబీ రంగు చేసి వదిలిపెడుతుంది. ఎర్రమన్ను జాతి రంగు, మీ పెయింటరు రెడ్ ఆక్సైడ్ అంటాడే, అది మాత్రం ఎండకి లొంగదు. కానీ వరద నీళ్లలో కలిసిపోయేది అదే కదా!

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. పాపికొండలు చూడబోయినవాళ్లు. వరంగల్ పక్కన కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు. మునిగిన బోటుని కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గానీ పైకి తీయలేకపోయింది. రంగు బాగుంటే ఆ ప్రమాదం తప్పేదని నేననను, అట్లా అంటే పాపం. కానీ ఆ రోజు దగ్గర్లోని గిరిజనులు నాటు పడవలేసుకుని వెళ్లి, తేలినవాళ్లని పట్టుకుని ఒడ్డుకి చేర్చారు. లైఫ్ జాకెట్టుకి నారింజ రంగు ఊరికే పెట్టలేదు. వెతికేవాడి కంటికి అది ముందు తగలాలని పెట్టారు. నీ పడవకి కూడా అదే న్యాయం వర్తిస్తుంది.

అందుకే అడుగు భాగం గురించి చెబుతున్నా, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పడవ తిరగబడితే నీళ్ల మీద కనిపించేది దాని అడుగు మాత్రమే. నువ్వు పక్కలకి ఎంత సోకు చేసినా అప్పుడు అదంతా నీళ్ల కిందే. మనవాళ్లు అడుగుకి తారు పూస్తారు, నల్లగా ఉంటుంది. బోర్లాపడిన నల్లటి పడవ సుడిలో ఇంకో సుడిలా ఉంటుంది తప్ప పడవలా ఉండదు. దాన్ని పట్టుకుని వేలాడేవాళ్లని ఎవరు చూడాలి? సముద్రంలో ఓడల అడుగు ఎర్రగా ఎందుకుంటుందో తెలుసా, నత్తగుల్లలు అంటకుండా వేసే మందులో రాగి సమ్మేళనం ఉంటుంది, దాని రంగు ఎరుపు. గోదారి మంచినీళ్లలో ఆ గుల్లల బెడద లేదు, ఉన్నదల్లా పాచి. ఏటా ఒకసారి ఒడ్డుకి లాగి తోమితే పోతుంది. కాబట్టి ఆ విషపు రంగు మనకి అక్కర్లేదు, చేపలకీ మంచిది కాదు. అడుగుకి నీకు నచ్చిన నారింజో, చిక్కటి పసుపో వేసుకునే వీలు నీకుంది. ఆ వీలుని తారుతో పాడుచేసుకోకు.

అన్నట్టు తారు మాట వచ్చింది కాబట్టి చెబుతా. నీ పడవకి పాత తారుంటే దాని మీద నేరుగా లేత రంగు వేయకు. ఎన్ని చేతులు వేసినా ఆ తారు ఊరి గోధుమ మరకలుగా పైకి వస్తుంది. గీకగలిగినంత గీకించి, మిగిలిన దాని మీద అల్యూమినియం పెయింటు, అదే వెండి రంగు, ఒక పూత వేసి అడ్డుకట్ట కట్టి, ఆ పైన అసలు రంగు వేయాలి. పెయింటర్లు తొందరలో ఈ పూత ఎగ్గొడతారు. దగ్గరుండి వేయించుకో.

చట్టం మాట రెండు ముక్కల్లో. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో దేశానికంతటికీ కొత్త లోతట్టు నౌకల చట్టం వచ్చింది. జనాన్ని ఎక్కించుకునే ఇంజన్ పడవకి రిజిస్ట్రేషనూ తనిఖీ తప్పవు. తనిఖీకి ముందే రంగు పులిమి కూర్చుంటే, పలక చూపించమన్నప్పుడు మళ్లీ గీకాల్సి వస్తుంది. ముందు అధికారికి చెక్క చూపించు, తర్వాత పెయింటరుకి చూపించు. 2008లో ముంబయి దాడుల తర్వాత సముద్రం మీద చేపల పడవలకి రాష్ట్రానికొక రంగు పెట్టారు, ఏ రాష్ట్రం పడవో కోస్టు గార్డుకి దూరం నుంచే తెలియాలని. నదిలో మనకి ఆ నిబంధన లేకపోయినా దాని వెనక ఉన్న ఆలోచన అరువు తెచ్చుకోవచ్చు. చూశావా, మళ్లీ అక్కడికే వచ్చాం, వెతికేవాడి కన్నుకే.

వరద కాలం గుర్తుపెట్టుకో. భద్రాచలంలో నీటిమట్టం 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. అట్లాంటి రోజుల్లో సరదా పడవ అని ఎవరూ ఊరుకోరు, నీ పడవ కూడా మనుషుల్ని తేవడానికి పనికిరావాలి. అప్పుడు ఇంటి కప్పు మీద కూర్చున్న ముసలావిడకి దూరం నుంచి ఇది పడవ, ఇటే వస్తోంది అని తెలియాలి. పైన ఎగిరే హెలికాప్టరుకి కూడా తెలియాలి. పక్కలు ఎంత బాగున్నా పైనుంచి చూసేవాడికి కనిపించేది పడవ కప్పే. దాని మీద ఒక వెడల్పాటి నారింజ పట్టీ వేయించు.

మరి ఆ పాత రంగు? నీరు తగిలే గీతకి కాస్త పైన, పడవ చుట్టూ ఒక పట్టీగా ఆ మొదటి రంగుని వేయి. నీలమైతే నీలం, ఆకుపచ్చయితే ఆకుపచ్చ. పేరు కూడా అదే రంగుతో రాయించు. ఒళ్లంతా మాత్రం మీగడ రంగు వేయి. మరీ పాలతెలుపు వద్దు, ఎండలో కళ్లు చెదిరిపోతాయి, మరకలు దాగవు, మంచులో కలిసిపోతుందని ఇందాకే అనుకున్నాం. మీగడ రంగు మీద ముదురు పట్టీ ఉంటే ఏ నీళ్ల మీదైనా, ఏ వేళప్పుడైనా ఆ రెండింట్లో ఒకటి కంటికి దొరుకుతుంది.

రంగు కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. షాపులో మిషన్ మీద కలిపించే షేడు తీసుకోకు. ఇప్పుడు బాగానే ఉంటుంది. రేపు వంతెన కానాకి రాసుకుని ఒక పక్క గీరుకుపోతే అదే షేడు మళ్లీ కావాలి. ఆ నంబరు కాగితం నువ్వు ఎప్పుడో పారేసి ఉంటావు. ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో ఏ షాపుకి పోయినా దొరికే డబ్బా రంగు తీసుకో. ఒక చేతికి లీటరు ఎనామిలు సుమారు 100 చదరపు అడుగులు వస్తుందంటారు, పాత చెక్క తాగేస్తుంది కాబట్టి అంత రాదు, కాస్త ఎక్కువే తెచ్చుకో. షేడు కార్డు చూసి తేల్చకు, ట్యూబులైటు కింద అసలు తేల్చకు. రెండు చెక్క ముక్కలకి రెండు రంగులు వేసి అవతలి ఒడ్డున పెట్టించి, పొద్దున్న ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి ఇవతల నుంచి చూడు. నువ్వొక్కడివే కాదు, మీ అమ్మని కూడా తీసుకెళ్లి చూపించు. ఆలస్యమైన రోజున రేవులో నిలబడి ఎదురుచూసేది ఆవిడే. ఆవిడ కంటికి ఏది ముందు దొరికితే అది వేయి. ఇంట్లో ఆడవాళ్లని అడగకుండా రంగు తెచ్చి తర్వాత మాటలు పడే మగవాళ్లు మా తరంలోనూ ఉన్నారు, మీ తరంలోనూ ఉన్నారు.

చివరిగా గీకుడు సంగతి. దీనికి మాత్రం నేను గట్టిగా చెబుతా, కోపమొచ్చినా సరే. పాత పడవ రంగుల్లో సీసం ఉంటుంది. ఒకప్పుడు చెక్కకీ ఇనుముకీ మొదటి పూతగా వేసిన సిందూరం సీసంతో చేసిందే, పాత తెల్లరంగూ చాలావరకు అంతే. మన దేశంలో ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90కి మించకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. నీ పడవ వయసు దానికంటే ఎంత పెద్దదో నువ్వే చూసుకో. పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, బట్టల మీద ఇంటికొస్తుంది, పాకే పిల్లల చేతుల్లోంచి నోట్లోకి పోతుంది. పిల్లల మెదడుకి సీసం చేసే చెరుపు తర్వాత సరిదిద్దలేనిది. కాబట్టి నీళ్లతో తడుపుతూ గీకించు. కింద టార్పాలిన్ పరిపించి, పొట్టంతా ఏరి మూటగట్టి విడిగా పెట్టించు. గోదాట్లో దులపనీయకు. మంట పెట్టి రంగు ఊడగొట్టనీయకు, ఆ పొగ ఇంకా చెడ్డది. పనివాళ్లకి మంచి మాస్కులు నువ్వే కొనిపెట్టు, వాళ్లకీ ఇళ్లూ పిల్లలూ ఉన్నారు. కొత్త డబ్బా కొనేటప్పుడు సీసం లేదని దాని మీద రాసి ఉందో లేదో చదివి కొను.

శివరాత్రి దాటితే ఎండలు ముదురుతాయి, రోహిణి కార్తెలో పడవ ఒడ్డున ఉంటే కట్టిన సందులన్నీ మళ్లీ విచ్చుకుంటాయి. మాఘంలోనే పని మొదలుపెట్టు. నీడలో ఆరబెట్టు, మధ్యాహ్నాలు తడి గోనెలు కప్పు, మంచు పూర్తిగా ఆరినాకనే బ్రష్ పట్టనీ, సాయంత్రం మంచు దిగే లోపల ఆపించు. గీకుడు అయ్యేదాకా ఇంట్లో చిన్నపిల్లల్ని వాళ్ల అమ్మమ్మగారింటికి పంపించు.